బోర్డు లేని షెడ్డు, నా స్విఫ్ట్ బంపర్లు

షెడ్డుకి పేరు లేదు. బరంపురం నుంచి గోపాలపూర్ వెళ్ళే రోడ్డులో ఇళ్ళు పలచబడే చోట, చింతచెట్టు కింద, రేకుల పాక. బోర్డు బదులు ఒక పాత బంపరుని గుంజకి వేలాడగట్టి, దాని మీద ఒడియాలో ఒక లైను, తెలుగులో ఒక లైను రంగుతో రాశారు. తెలుగు లైన్లో 'బంపర్ వెల్డింగ్' కాస్తా 'బంపర్ వెడ్డింగ్' అయింది. "ఇక్కడ పెళ్ళిళ్ళు కూడా చేస్తారా నాన్నా?" అని మా వాడు మొదటి రోజే నవ్వాడు. ఆ షెడ్డు గురించే ఇది. పని చేయించుకుని 11 నెలలైంది. రంగు ఆరిన రోజు మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాక రాద్దామని ఆగాను.

నేను దర్జీని. బడాబజారు పక్క సందులో 26 ఏళ్ళుగా ప్యాంట్లు, షర్టులు కుడుతున్నాను. కార్ల గురించి తెలిసింది తక్కువ. ఎవరైనా షర్టు తెచ్చి ఎలా ఉంది మాస్టారూ అంటే మాత్రం ముందు దాన్ని తిరగేసి లోపలి వైపు చూస్తాను. పై కుట్టు అందరూ బాగానే వేస్తారు. అంచులు ఎలా మడిచాడు, దారం ఎక్కడ తెంచాడు, చంక దగ్గర గుడ్డ ఎంత వదిలాడు, అవన్నీ లోపలే కనిపిస్తాయి. ఈ మేస్త్రీ నా బండి చూసినప్పుడు చేసిన మొదటి పని కూడా అదే. అందుకే నాకు నచ్చాడు. మిగతా తగవులు తర్వాత చెబుతాను.

బండి 2013 మోడల్ స్విఫ్ట్, వెండి రంగు, ఓడీ 07 నంబరు. 2019లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఆ 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి మట్ట పడి టాపు మీద సొట్ట పడిందని మొదటి ఓనరు చెప్పాడు. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, దాని జోలికి నేను పోలేదు. బంపరుకి దెబ్బ మాత్రం నా చేతి చలవే. ఇచ్ఛాపురంలో మేనకోడలి పెళ్ళికి వెళ్ళి, కల్యాణమండపం గేటు దగ్గర మోకాలెత్తు సిమెంటు దిమ్మె చూసుకోకుండా తిప్పాను. ఫాగ్ లైటు గూడు మూల నుంచి కింది పెదవి దాకా జానెడు పగులు. పక్కన ఫెండర్‌కి, అంటే ముందు చక్రం మీది రేకుకి, బిగిసే చెవి ఒకటి విరిగి చేతికొచ్చింది.

ముందు ఊళ్ళోనే ఇంకోచోట ఇచ్చాను. ఎక్కడో అనవసరం. 2,500 రూపాయలు తీసుకుని సాయంత్రానికల్లా చేసిచ్చారు. రేకుకి పెట్టే పుట్టీయే పగులు మీద పూసి, రుద్ది, రంగు కొట్టారు. చూడ్డానికి అద్దంలా ఉంది. నాలుగో నెలలో అది, బరంపురం అప్పడం నూనెలో వేస్తే అంచులు ఎలా లేస్తాయో అలా లేచింది. గోటితో లాగితే అరచేయంత పెచ్చు ఊడొచ్చింది. దాని కింద నల్ల ప్లాస్టిక్ నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది. పగులు ఎక్కడిదక్కడే. ఇంకా రెండంగుళాలు పెరిగింది కూడా.

అప్పుడు మా కస్టమరు ఒకాయన, టెంపో ట్రావెలర్ నడుపుతాడు, ఈ షెడ్డు చెప్పాడు.

మేస్త్రీ వయసు యాభై దాటి ఉంటుంది. సోంపేట వైపు మనిషి, చిన్నప్పుడే బరంపురం వచ్చేశాడు. మనతో తెలుగు, కుర్రాళ్ళతో ఒడియా, ఫోన్‌లో రంగుల కొట్టు వాళ్ళతో హిందీ. బండి ఆపగానే బంపరు ముందు వైపు ఒక్కసారి చూసి, "ఏటి మాస్టారూ, దీన్నెవలు ముట్టుకున్నారు?" అన్నాడు. నేను చెప్పబోతే ఆపి, కింద గోనె పరుచుకుని పడుకుని టార్చి పెట్టి బంపరు వెనక్కి చూశాడు. మమ్మల్ని కూడా పిలిచి చూపించాడు. లోపలి వైపు ప్లాస్టిక్ మీద చిన్న అక్షరాలు పోతపోసి ఉన్నాయి: పీపీ ప్లస్ ఈ/పీ, గీత, టీడీ 15. ఇన్నేళ్ళూ ఆ బండి నాదే, నేనెప్పుడూ చూడలేదు.

అది బట్ట మీద లేబుల్ లాంటిదన్నమాట. పీపీ అంటే పాలీప్రొపిలీన్. ఈ/పీ అంటే దెబ్బకి వంగేందుకు కలిపిన రబ్బరు. టీడీ 15 అంటే నూటికి 15 వంతులు టాల్క్ పొడి. ఇప్పటి కార్ల బంపర్లు ఎక్కువ భాగం ఈ జాతివే. బయట అమ్మే స్పాయిలర్లు, కిట్లలో మాత్రం ఏబీఎస్ అనే ఇంకో జాతి ప్లాస్టిక్ ఎక్కువ దొరుకుతుందట. ఏది ఏదో తెలియకుండా పని మొదలుపెట్టడం టెరికాటన్ మీద నూలు బట్ట వేడితో ఇస్త్రీ పెట్టె పెట్టడమే. అతికే కడ్డీ కూడా అదే జాతి ప్లాస్టిక్ అవ్వాలి. పీపీ మీద ఏబీఎస్ కడ్డీ కరిగించి పోస్తే మైనం మీద జిగురు పూసినట్టే, ఆరాక ఊడొస్తుంది.

అక్షరాలు అరిగిపోయిన బంపరైతే ఎలా అని మా వాడు అడిగాడు. యూట్యూబ్‌లో చూశాడట, ముక్క కోసి నీళ్ళలో వేస్తే తేలేది పీపీ, మునిగేది ఏబీఎస్ అని. మేస్త్రీ నవ్వి మా బంపరు నుంచే చిన్న ముక్క చెక్కి నీళ్ళ డబ్బాలో వేశాడు. అది తేలీ తేలనట్టు నీళ్ళలో కాస్త దిగి నిలబడింది. టాల్క్ కలిస్తే బరువు పెరుగుతుంది, 20 వంతులు దాటితే పీపీ కూడా మునిగిపోవచ్చు, కాబట్టి నీళ్ళ పరీక్ష ఉత్త పీపీకే సరి అన్నాడు. తర్వాత అదే ముక్కని లైటర్‌తో వెలిగించాడు. చుక్కలు చుక్కలుగా కారుతూ మండింది, ఆర్పగానే కొవ్వొత్తి ఆర్పిన వాసన. ఏబీఎస్ అయితే నల్లటి మసి రేగుతుందట, వాసన ఘాటుగా ఉంటుందట. గుడ్డ నూలా, పాలిస్టరా అని మేం పోగు లాగి కాల్చి చూసేది ఇలాగే. ఆ క్షణంలో బండి తాళం ఆయన చేతిలో పెట్టేశాను, రేటు అడక్కుండానే. అది తప్పు. రేటు ముందే అడగండి.

షెడ్డు వెనక గోడకి పాత బంపర్ల నుంచి కోసిన పట్టీలు కట్టలు కట్టలుగా వేలాడుతున్నాయి, ఒక్కో కట్టకి ఒక్కో రంగు దారం. కొట్లో దొరికే కడ్డీల కన్నా అదే కంపెనీ పాత బంపరు నుంచి తీసిన పట్టీ బాగా కలుస్తుందంటాడు. మా షాపులో కట్‌పీసుల సంచి ఎందుకు పారెయ్యనో మా ఆవిడకి చెప్పలేక చస్తుంటాను. ఆ గోడ ఫొటో తీసి పంపించాను.

అతుకు పని నేను షాపు కుర్రాడికి వదిలేసి, రోజంతా కూర్చుని చూశాను. బంపరు విప్పి ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడిగారు. రుద్దడం మొదలెట్టాక కడిగితే లాభం లేదు, నూనె, మైనం పాలిష్ అంతా గరుకు కాయితంతో లోపలికి దిగిపోతుంది. పాత పుట్టీ అంతా గీకేశారు. పగులు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఒక చిల్లు పెట్టాడు. కుర్తా పక్క చీలిక చివర మేం గట్టి కుట్టు వేసి ఆపుతాం కదా, చిరుగు పైకి పాకకుండా, అదే లెక్క. పగిలిన అంచులు రెండూ గుండ్రటి చిల్లుకి వచ్చి ఆగిపోతాయి.

తర్వాత ముందు వైపు అల్యూమినియం టేపు అంటించి అంచులు సమంగా నిలబెట్టాడు. మా భాషలో కచ్చా కుట్టు. బంపరుని బోర్లా తిప్పి, పగులు పొడవునా లోపలి వైపు నుంచి 'వి' ఆకారంలో గాడి తీశాడు. మందంలో సగం పైన, ముప్పావుకి తక్కువ. అప్పుడు వేడిగాలి గన్ను. ఇక్కడే పనితనమంతా. గన్ను కడ్డీ మీద ఒకసారి, గాడి మీద ఒకసారి, ఊపుతూనే ఉండాలి. రెండూ ఒకేసారి తడిసినట్టు మెరుపు రావాలి, ఆ మెరుపు వచ్చిన క్షణంలో కడ్డీ నొక్కాలి. కడ్డీ ఒక్కటే కరిగి గాడి చల్లగా ఉంటే అది పూతే, అతుకు కాదు. వేడి ఎక్కువైతే ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి పొగ వస్తుంది, ఆ చోటు బలం చచ్చిపోతుంది. పీపీ 160 డిగ్రీల పైన కరుగుతుంది. చేతిలో మీటరేమీ లేదు. మెరుపు చూసే చేస్తాడు. నాకు ఇస్త్రీ పెట్టె మీద తడి వేలు పెట్టి 'చుయ్' మన్న శబ్దం వింటే సరిపోయినట్టు.

విరిగిన చెవికి ఇంకో స్విఫ్ట్ తాలూకు చెత్త బంపరు నుంచి చెవి కోసి తెచ్చి పెట్టాడు. దాని మొదట్లో వేలెడు వెడల్పు స్టీలు జాలీని వేడి చేసి ప్లాస్టిక్‌లో ముంచి, పైన మళ్ళీ కడ్డీ పోశాడు. మేం కాలరు లోపల బకరం వేసినట్టు. లోపలి వైపు చల్లారాక, నీళ్ళు పొయ్యకుండా దానంతట అది చల్లారాక, టేపు తీసి ముందు వైపు గాడి తీసి మళ్ళీ అంతా చేశాడు. ఒక్క జానెడు పగులుకి రెండున్నర గంటలు పట్టింది.

పని అంతటితో అయిపోతే 1,200తో పోయేది. మా వాడికి 'స్మూత్ బంపర్' కావాలి. అంటే గాళ్ళు, గీతలు, గూళ్ళు, స్క్రూ మూతలు ఏవీ లేకుండా ముందూ వెనకా నున్నగా, గులకరాయిలా. భువనేశ్వర్‌లో ఎవరిదో బండి చూశాడు. నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు. కంపెనీ వాడు గీత పెట్టాడంటే ఏదో కారణం ఉండే ఉంటుంది అన్నాను. "గీత ఫ్యాషన్‌కి పెడతారు నాన్నా, నువ్వు జేబు మీద మడత పెట్టవా?" అన్నాడు. దానికి జవాబు దొరకలేదు. డబ్బు సగం వాడు పెట్టుకునేలా ఒప్పుకున్నాను.

మేస్త్రీ దగ్గర వాడు ఫోన్‌లో ఫొటోలు పెట్టి ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు. మేస్త్రీ సగం కొట్టేశాడు. కింది జాలీ మూసెయ్యమంటే, రేడియేటరుకి గాలి అక్కణ్ణుంచే, మే నెలలో తప్తపాణి ఘాటీ ఎక్కుతూ పొగలు కక్కితే నన్ను తిడతావు అన్నాడు. లాగుడు కొక్కెం మూత మూసెయ్యమంటే, పొలం గట్టు దిగిపోయిన రోజున తాడు ఎక్కడ కడతావు అన్నాడు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు తీసెయ్యమంటే మాత్రం గట్టిగానే కసిరాడు. అవి అందానికి కాదు, లైట్లు ఆరిన బండిని రాత్రి హైవే మీద లారీవాడికి చూపించేవి, చట్ట ప్రకారం ఉండి తీరాలి. నంబరు ప్లేటు గూడు పూడ్చే మాట కూడా అంతే. హై సెక్యూరిటీ ప్లేటు ఒకసారి బిగిస్తే విప్పడానికి రాని లాకులతో వస్తుంది, దాన్ని ఇష్టమొచ్చినచోటికి జరపడం కుదరదు. కొత్త బండ్ల వెనక బంపర్లో పార్కింగ్ సెన్సార్లు ఉంటాయి, 2019 జులై నుంచి తయారీవాళ్ళు పెట్టి తీరాలి, వాటి మీద పుట్టీ పూస్తే గుడ్డివి అవుతాయి. మా బండికి ఆ గొడవ లేదు.

చివరికి మిగిలినవి ఇవి: ముందు రెండు ఫాగ్ లైటు గూళ్ళు (మా మోడల్లో లైట్లు లేవు, ఉత్త నల్ల మూతలే), వెనక బంపరు మీద అడ్డంగా పోయే గాడి, మొదటి ఓనరు ఇనప గార్డు బిగించడానికి కొట్టిన నాలుగు చిల్లులు. ఆ గార్డులు 2017 డిసెంబర్లో కేంద్రం వద్దన్నాక ఆయనే విప్పేశాడు, చిల్లులు మాకు మిగిలాయి.

గూడు పూడ్చడం అంటే పుట్టీ కుక్కడం అనుకునేవాణ్ణి. అలా కుక్కిన బంపరు ఒకటి షెడ్డులోనే ఉంది, మేస్త్రీ బొటనవేలితో నొక్కితే మూత కుండ మీద బోర్లించిన మూకుడులా కదిలింది. ఈయన చెత్త బంపర్లలో అదే వంపు ఉన్న చోటు వెతికి, కాయితం మీద గూడు అచ్చు తీసి, అచ్చు ప్రకారం బిళ్ళ కోసి, చుట్టూ లోపలా బయటా వెల్డు చేశాడు. వంపు వెతకడానికే ఒక పూట. మా పనిలో గళ్ళ చొక్కాకి జేబు వేసేటప్పుడు గడి మీద గడి కూర్చోబెడతాం చూడండి, అంత ఓపిక.

వెల్డు చల్లారాక లోపలికి కాస్త పీల్చుకుంటుంది. అందుకని రెండో రోజు మళ్ళీ ఒక వరస పోసి గ్రైండ్ చేశాడు. పీపీని రుద్దడం మాత్రం గొప్ప చికాకు పని. రేకులా పొడి రాలదు. బొచ్చు లేస్తుంది. ఫ్లానెల్ గుడ్డ మీద చెయ్యి పెట్టినట్టు మెత్తగా, పోగులు పోగులుగా. మిషను స్పీడు పెంచితే కరిగి ఉండలు కడుతుంది. కుర్రాడు నిదానంగా నీళ్ళతో రుద్దుతుంటే, మేస్త్రీ వెనక నుంచి "ఆస్తే ఆస్తే" అంటూనే ఉన్నాడు.

నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇది. బొచ్చు పోయాక బంపరు మీద ఒక గ్లాసు నీళ్ళు పోశాడు. తామరాకు మీద పోసినట్టు ముత్యాలై జారిపోయాయి. "సూసేరా, నీళ్ళే నిలబళ్ళేదు, రంగేటి నిలబడతాది?" అన్నాడు. చిన్న గ్యాస్ టార్చి వెలిగించి, నీలం మంట కొసని బంపరు మీద నుంచి సర్రున లాగాడు, పక్కపక్కనే, ఎక్కడా ఆగకుండా. పుల్కాని మంట మీద తిప్పేంత సేపు కూడా లేదు. రంగు మారలేదు, వాసన రాలేదు. చల్లారాక మళ్ళీ నీళ్ళు పోశాడు. ఈసారి నీళ్ళు విడిపోకుండా పల్చటి పొరలా పరుచుకుని అలాగే నిలబడ్డాయి. ఒక్క మంటతో. పీపీ పుట్టుకతో మైనం లాంటిది, దేన్నీ పట్టుకోదు. మంట తగిలితే పై పొర గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుని పట్టు తెచ్చుకుంటుంది. తర్వాత ప్లాస్టిక్ అడ్హీషన్ ప్రొమోటర్ అని, పట్టు పెంచే నీళ్ళలాంటి మందు పల్చగా కొట్టాడు, అది ఆరాక వంగే రకం పుట్టీ. నా 2,500 ఎందుకు పెచ్చులై రాలిందో ఆ గ్లాసు నీళ్ళతో అర్థమైంది.

పుట్టీ 180 నంబరు కాయితంతో, తర్వాత 320తో రుద్ది, నల్ల పొడి చల్లి తుడిచి, నలుపు మిగిలిన పల్లాల్లో మళ్ళీ పూశారు. ఇదంతా బంపరుని బండికి బిగించాకే. కింద స్టాండు మీద పెట్టి రుద్దితే అది తన బరువుకి తనే వంగి ఉంటుంది, తీరా బిగించాక వంపు మారుతుంది. ట్రయల్ మనిషి ఒంటి మీదే చూడాలి గానీ బొమ్మ మీద చూస్తే ఎలా? నున్నదనం పరీక్షకి మేస్త్రీ అరచేతి కింద పల్చటి గుడ్డ పెట్టుకుని జరుపుతాడు. ఉత్త చెయ్యి అంటుకుంటుంది, గుడ్డ ఉంటే జారుతుంది, జారే చేతికి వెంట్రుకవాసి ఎత్తు కూడా తగులుతుంది. ఆయన దగ్గరున్నది రంగు పీల్చిన బనీను ముక్క. మర్నాడు మల్లు గుడ్డ ముక్కలు పది తెచ్చిచ్చాను. నన్ను కూడా ఒకసారి చెయ్యి పెట్టి చూడమన్నాడు. ఎడమ గూడు దగ్గర పై అంచున ఏదో తగిలిందన్నాను. ఆయన చూసి, ఏమీ మాట్లాడకుండా కాయితం తీసుకుని మళ్ళీ రుద్దాడు. ఆ రోజు షాపుకి ఈల వేసుకుంటూ వెళ్ళాను.

ఇక రంగు. ఇక్కడ మార్కులు తగ్గిస్తాను.

పెయింట్ బూత్ లేదు. మూడు వైపులా పరదాలు, కింద నీళ్ళు చల్లిన నేల. వెండి రంగు అసలే పేచీకోరు, అందులో అల్యూమినియం రేణువులు ఏ వాటంగా పడుకుంటే ఆ ఛాయ వస్తుంది. కోడ్ ఇంజిన్ గదిలో ప్లేటు మీద చూసే కలిపించారు. అయినా సాయంత్రం పూట పక్క నుంచి చూస్తే ముందు బంపరు ఫెండర్ కన్నా ఒక పిసరు ముదురు. మధ్యాహ్నం ఎదురుగా నిలబడి చూస్తే తెలియదు. పదేళ్ళు ఎండకి ఎండిన రంగు పక్కన కొత్తది అలాగే ఉంటుంది, ఫెండర్ మీదకి కూడా కాస్త పాకించి కొడితే కలిసిపోతుంది, ఇంకో 1,800 అవుతుంది అని ముందే చెప్పాడు. నేనే వద్దన్నాను. ఒకే రంగు గుడ్డ రెండు తానుల్లోది కలిపి సూటు కుట్టొద్దని కస్టమర్లకి చెప్పే మనిషిని, నా వంతు వచ్చేసరికి 1,800 దగ్గర ఆగిపోయాను. రంగు మీద మెరుపుకి కొట్టే క్లియర్ కోట్‌లో రెండు దుమ్ము గింజలు కూడా ఉన్నాయి, ఒకటి బఫింగ్‌లో పోయింది, ఒకటి ఉంది.

రంగు కొట్టే కుర్రాడు మూతికి చేతిరుమాలు ఒక్కటే కట్టుకున్నాడు. రెండు డబ్బాలు కలిపి కొట్టే ఆ రంగుల్లో గట్టిపరిచే మందు ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. చెబితే మాస్కు ఉంది మాస్టారూ, వాడే పెట్టుకోడు అని మేస్త్రీ. కుర్రాడేమో నవ్వి "గరమ్ ఆజ్ఞా" అన్నాడు, వేడండీ అని. ఇది నాకు అస్సలు నచ్చలేదు.

ఆలస్యం సంగతి. 4 రోజులన్నాడు, 13 పట్టింది. సెప్టెంబరు నెల. 17న విశ్వకర్మ పూజ, ముందు రోజు షెడ్డు కడగడం, పూజ రోజు భోజనాలు, మర్నాడు మైకు సామాన్లు తిరిగివ్వడం. అవి మూడు పోయాయి. తర్వాత ముసురు. గాల్లో తడి ఉన్నప్పుడు కొడితే క్లియర్ పాలిపోయినట్టు తెల్లబడుతుందని రెండుసార్లు వాయిదా వేశాడు. అది న్యాయమే. మిగతా రోజుల లెక్క మాత్రం ఆయన దగ్గరా లేదు. ఫోన్ చేస్తే "గురువారం తీసికెళ్ళిపోండి మాస్టారూ" అనేవాడు. ఏ గురువారమో చెప్పేవాడు కాదు. ఆ రోజుల్లో షాపుకి సైకిల్ మీద వెళ్ళాను.

మొత్తం 8,700 అయింది. ముందు బంపరుకి 5,000, వెనకదానికి 3,700. బిల్లు ఇవ్వడు, కాబట్టి ఇన్సూరెన్సు మాట మర్చిపోవాలి. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి ఎలాగూ సగం తరుగు కింద కోస్తారు. క్లెయిమ్ లేకుండా ఐదేళ్ళు దాటినవాడికి 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంటుంది, దీని కోసం అది పోగొట్టుకోవడం దండగ అని మా బ్యాంకు కస్టమరు లెక్క వేసి చెప్పాడు. ఆ తరుగు కొయ్యని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉన్న కొత్త బండైతే మీ లెక్క వేరు, ముందు అది చూసుకోండి. స్మూత్ చేసిన బంపరు రేపు పగిలితే ఆ అందానికి ఎవరూ డబ్బివ్వరు.

ఇప్పుడు 11 నెలల తర్వాత. జానెడు పగులున్న చోట పైన ఏమీ లేదు. వేలితో గట్టిగా నొక్కినా కటుక్కుమనదు. మొన్న వాటర్ సర్వీసింగ్‌లో కుర్రాడు ప్రెషర్ గన్ను దగ్గరగా పెట్టి కొట్టాడు, నాకు గుండె ఆగింది, రంగు ఆగలేదని అనుకున్నాను, ఆగింది. చెవి గట్టిగానే ఉంది. ఎడమ ఫాగ్ లైటు గూడు చోట మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలబడి వెతికితే, నెలవంకలాంటి సన్నటి గీత ఒకటి కనిపించింది. బిళ్ళ ఒక రకంగా, బంపరు ఒక రకంగా ఉబ్బుతాయి కాబట్టి రెండో ఎండాకాలానికి రావచ్చని మేస్త్రీ అన్నాడు, మొదటిదానికే వచ్చింది. వానల్లో మళ్ళీ కనిపించలేదు. మా వాడికి నేను చూపించలేదు. వెనక కుడివైపు రిఫ్లెక్టరు క్లిప్పు వదులుగా బిగించారు, గుంతలో పడితే టకటకలాడుతుంది. దానికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ గురువారం అన్నాడు.

పగిలిన బంపరు బాగు చేయించుకోవాలంటే కళ్ళు మూసుకుని వెళ్ళండి, కానీ కళ్ళు తెరుచుకుని వెనక వైపు చూసి రండి, ఆయనే చూపిస్తాడు. తెలుపో నలుపో అయితే రంగు గురించి కూడా బెంగ లేదు. వెండి రంగు, ముత్యపు తెలుపు బండ్లవాళ్ళు ఫెండర్ మీదకి పాకించడానికి ఇంకో రెండు వేలు జేబులో పెట్టుకోండి. పూర్తిగా నున్నగా చేయించుకోవడం గురించి మాత్రం నా ఓటు ఇంకా మా వాడికి వెయ్యలేదు. బండి కడిగేటప్పుడు గాళ్ళలో మట్టి ఉండదు, అది ఒప్పుకుంటాను. పండగల ముందు వెళ్ళకండి.

క్లిప్పు కోసం రెండోసారి వెళ్ళినప్పుడు మేస్త్రీ ఒక ప్యాంటు గుడ్డ ఇచ్చాడు, ఈ ఏడు విశ్వకర్మ పూజకి కట్టుకుంటాడట. కొలతలు తీసుకున్నాను. దసరా ఆర్డర్లు మొదలయ్యాయి, గుడ్డ ఇంకా నా బల్ల మీదే ఉంది. నిన్న ఫోన్ చేసి అడిగాడు. గురువారం రమ్మన్నాను.